గొర్రెల పుస్తకంలో నేను చేసిన పెళ్ళి

పంతొమ్మిదేళ్ళ లైబ్రరీ ఉద్యోగంలో నా చేతి మీదుగా ఒక్క పుస్తకం పోలేదు. ఒక్క పేజీ చిరగలేదు. కానీ ఒక పుస్తకంలో లేని ఒకావిణ్ణి నేను చేర్చాను, ఆమెకి పెళ్ళి కూడా చేశాను. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నా సర్వీసులో గొప్ప సంగతులేమిటని అడుగుతుంటారు. గొప్ప సంగతులు ఎవరైనా చెబుతారు. నేను ఆ పెళ్ళి సంగతి చెబుతాను.

ఎవరి పేర్లూ రాయను. ఎవరు ఏ పుస్తకం చదివారో మూడో మనిషికి చెప్పకూడదని ఇక్కడి లైబ్రరీల్లో మొదటి రోజే నేర్పుతారు. నేను రిటైరయ్యాను గానీ ఆ నియమం రిటైరవలేదు. ఈ సంగతి రాసుకోమని అందులో ఉన్న అబ్బాయే అన్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు. పుస్తకం పేరు కూడా చెప్పను. రాసినాయనకి నేను చేసిన అపకారం ఇప్పటికే చాలు.

నా గురించి రెండు ముక్కలు. మా తాతగారి హయాంలో మాకు పదకొండు ఊళ్ళుండేవి. మా నాన్నగారి హయాంలో పదకొండు వ్యాజ్యాలుండేవి. నా హయాం వచ్చేసరికి ఇంటిపేరు మిగిలింది, దాన్ని ఈ దేశంలో ఎవరూ సరిగ్గా పలకలేరు. వీపు నిటారుగా పెట్టి కూర్చోవడం మాత్రం చిన్నప్పుడే నేర్పారు. దాన్ని ఏ కోర్టూ జప్తు చేయలేకపోయింది.

అమెరికా పడమటి తీరాన, ఈస్ట్ బే అనే ప్రాంతంలో ఒక ఊరి లైబ్రరీలో అసిస్టెంటుగా చేరాను. తిరిగొచ్చిన పుస్తకాలని బండిలో పేర్చి, తోసుకెళ్ళి అరల్లో సర్దాలి. మా వంశంలో బండి తోసిన మొదటివాణ్ణి నేనే. "పెళ్ళికూతుర్ని చర్చిలోకి నడిపించుకెళ్తున్నట్టు తోస్తావయ్యా," అని మా బ్రాంచి మేనేజరు నవ్వేది. ఆమె అమెరికన్, నాకన్నా పదేళ్ళు చిన్నది, మనిషిని ఒక్క వాక్యంతో నేల మీదకి దించగలదు.

తర్వాత్తర్వాత మా పక్క ఊరు డబ్లిన్ దాకా చుట్టుపక్కలంతా తెలుగువాళ్ళు నిండిపోయారు. పిల్లల్ని చూడ్డానికి ఆరు నెలలకని వచ్చే పెద్దవాళ్ళకి పొద్దుపోయేది కాదు. మేనేజరు నన్ను పిలిచి శనివారాలు నాలుగు నుంచి అయిదు దాకా తెలుగులో ఏదైనా చేయమంది. నేను ఒక ఇంగ్లీషు నవల తీసుకుని వారానికి గంట చొప్పున తెలుగులో కథగా చెప్పడం మొదలుపెట్టాను. పదిహేనూ ఇరవై మంది వచ్చేవారు. కథ మొదలుపెట్టేముందు ఒక ఫారం నింపాలి. అందులో "పుస్తకం చివరిదాకా చదివాను" అన్నచోట టిక్కు పెట్టాలి. నేను ఎప్పుడూ పెట్టేవాణ్ణి, ఎప్పుడూ చదివేవాణ్ణి కాదు. వచ్చే వారానికి ఎంత కావాలో అంతే చదివేవాణ్ణి. చెప్పేవాడికి కూడా ముందు ఏమవుతుందో తెలియకపోతేనే కథలో ఊపు ఉంటుందని అడిగినవాళ్ళకి చెప్పేవాణ్ణి. నిజానికి అది బద్ధకం.

ఒక రోజు కౌంటర్ దగ్గరికి ఒక అబ్బాయి వచ్చాడు. శాంటా క్లారాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పాలమూరు వైపు ఊరు. రెండేళ్ళుగా తెలిసినవాడే. ఎప్పుడూ ఆస్ట్రేలియా పల్లెటూళ్ళ నవలలు తెప్పించుకునేవాడు. అట్టల మీద ఎర్రదుమ్ము, తీగ కంచెలు, టోపీలు. వ్యవసాయం మీద మోజనుకున్నాను.

"అంకుల్, మా అమ్మ వస్తోంది. ఈసారి సాటర్‌డేస్ ఈ బుక్ చెప్పండి ప్లీజ్. ఫుల్ గొర్రెలే. మా తాతవాళ్ళది గొర్ల మంద. అమ్మకి బాగా కనెక్ట్ అవుతుంది."

"ఇంట్లో నువ్వే చెప్పొచ్చుగా?"

"నేను చెప్తే వినదు. మీరు చెప్తే వింటది."

దాన్ని నేను పొగడ్తగా తీసుకున్నాను. ఫారం మీద టిక్కు పెట్టాను.

మొదటి శనివారం ఆవిడ వచ్చి ముందు వరసలో కూర్చుంది. సన్నటి మనిషి, జరీ లేని నేత చీర, కాళ్ళకి కొడుకు తాలూకు పెద్ద బూట్లు. ఆమెని దింపడానికి కొడుకుతో పాటు ఇంకో కుర్రాడు కూడా వచ్చేవాడు. రూమ్మేటని చెప్పారు. ఇక్కడే పుట్టిపెరిగిన తెలుగు కుర్రాడు. "ఆంటీ, బ్యాగ్ నేను పట్టుకుంటా," అనేవాడు ముద్దుముద్దుగా. అతను లోపలికి వచ్చేవాడు కాదు, కారులోనే కూర్చునేవాడు.

కథ ఏమిటంటే, ఆస్ట్రేలియాలో సముద్రానికి బాగా దూరంగా, వానలు సరిగ్గా పడని చోట ఇద్దరు మగవాళ్ళు కలిసి బీడుభూమి కొంటారు. ఒకడు పొడుగ్గా ఉంటాడు, ఉన్ని కత్తిరించడంలో మొనగాడు, మాట తక్కువ. ఇంకొకడు పొట్టివాడు, అంతకుముందు రైల్వేలో వంటవాడు. ఇల్లు కట్టుకుంటారు, బావి తవ్వుతారు, గొర్రెలు పెంచుతారు. చుట్టుపక్కల రైతులు వాళ్ళని జతగాళ్ళని పిలుస్తారు. అంతే. నేను చదివినంతవరకూ అంతే.

ఒకచోట తల్లి చచ్చిపోయిన గొర్రెపిల్ల వస్తుంది. దాని సంగతి నేను చెబుతుంటే ఆవిడ చెయ్యెత్తింది.

"సారూ, వేరే గొర్రె దానికి పాలియ్యదు."

"అవునమ్మా, అదే ఆ పొడుగాయన సమస్య."

"సమస్య ఏముంది? పిల్ల చచ్చిన గొర్రె ఉంటది గద మందల. ఆ చచ్చిన పిల్ల తోలు దీని మీద కప్పాలె. వాసన జూసి నా బిడ్డే అనుకుంటది, పాలిస్తది. గంతే."

నేను చిరునవ్వు నవ్వి ఊరుకున్నాను. పుస్తకాల గురించి నాకు ముందు వరసలోంచి సలహాలు రావడం అలవాటు లేదు. సోమవారం కూర్చుని తరువాతి భాగం చదివితే, పొడుగాయన సరిగ్గా ఆ పనే చేశాడు. ఆ తర్వాత ఆవిడ చెయ్యెత్తినప్పుడల్లా నేను ఆగడం మొదలుపెట్టాను.

రెండో వారం ఒక గుంటూరాయన లేచాడు. ఇరిగేషన్‌లో ఇంజనీరుగా రిటైరైన మనిషి, ప్రతి కథలోనూ ఇంటి ప్లాను అడుగుతాడు.

"ఒక్క సందేహమండీ. గదులు రెండన్నారు. మంచం ఒకటే అన్నారు. రెండో గదిలో ఏముంది?"

"ఉన్ని బస్తాలండీ."

"బస్తాలకి గదిచ్చి మనుషులు ఒక మంచం మీద ఇరుక్కోవడం ఏం ప్లానింగండీ?"

అందరూ నవ్వారు. నేను పేజీలు తిప్పి చూశాను, నిజమే, ఒకటే మంచం. సమాధానం ఆవిడే చెప్పింది.

"చలి సారూ. మంద కాపలాకు పోతే మా నాయినా, ఇంకో కాపరీ ఒక్క గొంగట్లనే పండుకునేటోళ్ళు. గొర్లకాడ గట్లనే ఉంటది."

విషయం తేలిపోయింది. ఇంజనీరుగారు కూర్చున్నారు. వెనక తలుపు దగ్గర నిలబడ్డ ఆ అబ్బాయి మాత్రం తలవంచుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. నవ్వని మనిషి ఆ గదిలో అతనొక్కడే.

మూడో శనివారం అయ్యాక, బుధవారం మధ్యాహ్నం స్టాఫ్ రూములో పెరుగన్నం డబ్బా తెరిచి నాలుగో వారానికి చదవడం మొదలుపెట్టాను. మూడేళ్ళ కరువు తర్వాత వాన వస్తుంది. ఇద్దరూ పెరట్లోకి పరుగెత్తుకొస్తారు. పొడుగాయన పొట్టాయన మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని ముద్దుపెట్టుకుంటాడు. రచయిత దాన్ని ఒక్క వాక్యంలో రాసి, తర్వాతి వాక్యంలో నీళ్ళ తొట్టి నిండటం గురించి చెప్పాడు.

ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాను. తర్వాత వెనక్కి వెళ్ళాను. ఒకటే మంచం. సంతకి ఒకడే వెళ్తే ఇంకొకడు కంచె దగ్గర నిలబడి ఎదురుచూడటం. పాస్టరు వస్తున్నాడని తెలిస్తే ఉన్ని బస్తాలు బయటపెట్టి రెండో గదిలో చాప పరవడం. అన్నీ ఉన్నాయి, అచ్చులో, నా కళ్ళ ముందే. నూట ఎనభై పేజీలు చదివి గొర్రెల్ని తప్ప ఏమీ చూడలేదు నేను.

మీరు నన్ను అపార్థం చేసుకోవద్దు. మా మేనేజరు పెళ్ళి చేసుకున్నది ఒక ఆడమనిషినే. ఆవిడ చేసిన క్యారట్ కేకు ప్రతి డిసెంబర్‌లోనూ తిన్నాను, బాగుందని చెప్పాను. ఇంగ్లీషులో నాకు ఏ ఇబ్బందీ లేదు. కానీ అదే సంగతి తెలుగులో, పదిహేను మంది అమ్మలూ నాన్నలూ వింటుండగా, మా ఇంటిపేరున్న నోటితో చెప్పాలంటే నా నాలుక పెరుగన్నంలో ఇరుక్కుపోయింది.

కాబట్టి నాలుగో శనివారం వాన రాగానే ఒక పోస్టుమాస్టరు కూతుర్ని తీసుకొచ్చాను.

ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలియదు. గొడుగు పట్టుకుని వచ్చింది. పొట్టాయన ఆవిణ్ణి పెళ్ళాడాడు. నేను ఆపలేకపోయాను. ఆవిడ చదువుకున్నది, చురుకైనది, మాటకి మాట చెబుతుంది, నిమ్మకాయ పచ్చడి పెడుతుంది. ఆస్ట్రేలియాలో నిమ్మచెట్లున్నాయా అని ఇంజనీరుగారు అడిగితే పెరట్లో ఒక చెట్టు కూడా నాటాను. సభ ఉర్రూతలూగింది. "ఇన్నాళ్ళకి ఆ ఇంట్లో దీపం పెట్టేవాళ్ళొచ్చారు," అని ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. నా జన్మలో అంత చప్పట్లు వినలేదు. ముందు వరసలో పాలమూరావిడ కూడా నవ్వుతూ, "ఇప్పుడు మంచం ఇంకోటి చేయిస్తరు," అంది.

అందరూ వెళ్ళాక పుస్తకాల అరల మధ్యకి ఆ అబ్బాయి వచ్చాడు.

"అంకుల్, పేజ్ నంబర్ చెప్తారా?"

"దేనికి?"

"ఆ వైఫ్ ఏ పేజీలో వచ్చిందో చూద్దామని."

నేను బండిలో పుస్తకాలు సర్దడం మొదలుపెట్టాను. సర్దినవే మళ్ళీ సర్దాను.

"కొన్నిచోట్ల కొంచెం స్వేచ్ఛ తీసుకోవాల్సి వస్తుంది బాబూ. జనం వినాలి కదా."

"నేను గే అంకుల్," అన్నాడు. గొంతు పెంచలేదు, దించలేదు. "కారులో ఉన్నవాడు రూమ్మేట్ కాదు. మూడేళ్ళయింది. ఇంగ్లీష్‌లో అయితే ఎవరికైనా చెప్పేస్తాను, టీమ్ మీటింగ్‌లో కూడా చెప్పాను. అమ్మకి చెప్పాలంటే నాకు తెలుగులో మాట రావట్లేదు. మీరు ఆ కథ చెప్తే, అది అయిపోయాక, అమ్మా అట్లాంటోడినే నేను అని ఒక్క ముక్క అంటే సరిపోతుందనుకున్నాను."

"దానికి ఆస్ట్రేలియా గొర్రెలెందుకయ్యా? ఇక్కడివాళ్ళ మీదే ఇలాంటి పుస్తకాలు బోలెడున్నాయి."

"ఇక్కడి బుక్స్‌లో అందరూ అన్నీ చెప్పేస్తారు అంకుల్. పెరేడ్‌లో నడుస్తారు, థెరపీకి వెళ్తారు. అమ్మకి వాళ్ళు ఎవరో పరాయివాళ్ళు. ఈ బుక్స్‌లో ఎవరూ ఏమీ చెప్పరు. ఊరందరికీ తెలుసు, ఒక్కరూ అనరు. కరువు, గొర్రెలు, పక్కింటాయన వస్తే చాప పరవడం. అచ్చం మా ఊరే. అమ్మకి ఇదొక్కటే అర్థమవుతది."

నేను వీపు నిటారు చేసుకున్నాను. ఇబ్బందిలో నాకు తెలిసిన ఉపాయం అదొక్కటే. "లైబ్రరీ కుటుంబ వ్యవహారాల్లో తలదూర్చదు," అన్నాను.

"దూర్చారు కదా. ఒక పెళ్ళి చేశారు."

నేను బండి తోసుకుని పక్క అర దగ్గరికి కదిలాను.

"నెక్స్ట్ సండే అమ్మ ఫ్లైట్," అన్నాడు. "ఇంకో సాటర్‌డే ఒక్కటే ఉంది." వెళ్ళిపోయాడు.

సోమవారం మేనేజరు గదికి వెళ్ళి తలుపు వేసి జరిగింది చెప్పాను. అబ్బాయి ఊసెత్తలేదు, నా పెళ్ళి సంగతి మాత్రమే చెప్పాను. ఆమె ఫైల్లోంచి నా ఫారం తీసి చూసింది.

"ఫారం మీద చదివానని టిక్కు పెట్టావు."

"పెట్టాను."

"ఫలానా పుస్తకం అరలోంచి తీసేయమని ఏడాదికి పదిమంది వస్తారు ఈ గదిలోకి. ఒక్కదాన్నీ తీయలేదు. పేజీలు చింపినవాళ్ళని చూశాను. పేజీలు కలిపినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను." తర్వాత ఆమెకి నవ్వు ఆగలేదు. "పచ్చడి కూడానా?"

"పచ్చడి కూడా."

"ముందు పుస్తకం పూర్తిగా చదువు. తర్వాత ఏం చేస్తావో నీ ఇష్టం," అంది. మొత్తం శిక్ష అంతే. నాకు ఇంకొంచెం పెద్దది పడితే బాగుండేదనిపించింది.

చదివాను. నలభై ఏళ్ళు కలిసి బతికాక చివర్లో పొడుగాయన పోతాడు. ఎక్కణ్ణుంచో అతని అన్నకొడుకులు దిగుతారు. ఊరి పత్రికలో వేసిన నాలుగు వాక్యాల్లో పొట్టాయన్ని "చిరకాలం పనిచేసిన పాలేరు" అని రాస్తారు. సమాధి దగ్గర కుటుంబం ముందు వరసలో నిలబడితే, ఆయన ఉన్ని కొనే వ్యాపారుల వెనక, చిట్టచివర నిలబడతాడు. అన్నకొడుకుల్లో పెద్దవాడు వచ్చి చాలా మర్యాదగా చెయ్యి కలిపి, "ఇల్లు ఖాళీ చేయడానికి నెల రోజులు తీసుకోండి, తొందరేం లేదు," అంటాడు.

ఆ మర్యాద దగ్గర నేను ఆగిపోయాను. నాకు అది తెలుసు.

మా తాతగారి తమ్ముడు పెళ్ళి చేసుకోలేదు. మేడ మీద గదిలో ఉండేవారు. ఆ గదిలోనే ఇంకొకాయన ఉండేవారు, ఉత్తరాలు రాసిపెట్టే ఉద్యోగం కాబట్టి రాయసంగారు అనేవాళ్ళం. ఊళ్ళు పోయాయి, కచేరీ పోయింది, రాయించడానికి ఉత్తరాలు పోయి ఇరవై ఏళ్ళయినా రాయసంగారు ఉన్నారు. ఏం రాస్తున్నారని ఎవరూ అడగలేదు. మా వంశవృక్షంలో చినతాతగారి పేరు పక్కన "బ్రహ్మచారి" అని రాసి గీత గీశారు. ఆయన పోయిన పదకొండో రోజున పంచెల చాపూ, రైలు టిక్కెట్టూ పళ్ళెంలో పెట్టి రాయసంగారి చేతికి ఇచ్చింది నేను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. చాలా మర్యాదగా ఇచ్చాను. ఆయన పళ్ళెం అందుకుని, "మేడ మీద నా కళ్ళజోడుంది బాబూ, వెళ్ళి తెచ్చుకోవచ్చునా?" అని అడిగారు. ముప్ఫై ఏళ్ళు బతికిన గదిలోకి వెళ్ళడానికి నా అనుమతి అడిగారు. నేను "తప్పకుండా" అన్నాను. ఆ మాట ఎంత హుందాగా అన్నానో అని చాలా ఏళ్ళు మురిసిపోయాను కూడా.

అయిదో శనివారం వచ్చింది. పోస్టుమాస్టరు కూతురి పుణ్యమా అని ఇరవై ఆరు మంది కూడారు, కుర్చీలు పక్క గదిలోంచి తేవాల్సి వచ్చింది. పాలమూరావిడ ముందు వరసలో ఎప్పటి చోటే. కొడుకు చివరి వరసలో కూర్చున్నాడు. ఆ రోజు రూమ్మేటు కుర్రాడు కూడా లోపలికి వచ్చి అతని పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ చేతులు కట్టుకుని, పరీక్ష ఫలితాలకి వచ్చినవాళ్ళలా ఉన్నారు.

నేను ఎప్పుడూ కూర్చునే చెబుతాను. ఆ రోజు నిలబడ్డాను.

"మొదలుపెట్టేముందు ఒక తప్పు ఒప్పుకోవాలి," అన్నాను. "క్రితం వారం నేను చెప్పిన పోస్టుమాస్టరు కూతురు ఈ పుస్తకంలో లేదు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు.

"పోయిందా అండీ?" అంది పోయినసారి కళ్ళు తుడుచుకున్నావిడ, కంగారుగా.

"పోలేదమ్మా. అసలు లేదు. నేను కల్పించాను."

"అదేమిటండీ, పెళ్ళయింది కదా!"

"పెళ్ళి కూడా కల్పించాను."

"మరి నిమ్మచెట్టు?" అన్నాడు ఇంజనీరుగారు.

"అదీ నాదే."

"ఇదేం బాగాలేదండీ," అన్నాడాయన నిజంగా నొచ్చుకుని. "నేను మా కోడలికి కూడా చెప్పాను, నిమ్మ ఆ నేలలో పండుతుందని."

నవ్వులు ఆగేదాకా ఆగాను. మా వంశంలో ఇరవై ఆరు మంది ముందు నిలబడి అబద్ధమాడానని చెప్పినవాడు ఎవరూ లేరు. కోర్టులో కూడా చెప్పలేదు, చెప్పి ఉంటే ఒకటి రెండు ఊళ్ళయినా మిగిలేవి. కుర్చీ వీపు పట్టుకుని వాన దగ్గర్నుంచి మళ్ళీ చెప్పాను. పెరట్లోకి ఇద్దరూ పరుగెత్తడం చెప్పాను. మొహం చేతుల్లోకి తీసుకోవడం చెప్పాను. ముద్దు కూడా చెప్పాను, పుస్తకంలో ఉన్నట్టే ఒక్క వాక్యంలో చెప్పి నీళ్ళ తొట్టి దగ్గరికి పోయాను. ఎవరికైనా అర్థం కాలేదేమోనని ఇంకో మాట అన్నాను. "ఆ ఇద్దరూ మొగుడూ పెళ్ళాల్లాగే బతికారండీ. ఒకరంటే ఒకరికి ప్రేమ. మొదటి రోజు నుంచీ అంతే. ఆ సంగతి పుస్తకానికి తెలుసు, నాకు తెలియలేదు."

ఒక పెద్దాయన చేతికర్ర తీసుకుని లేచి వెళ్ళిపోయాడు. "ఇవన్నీ ఈ దేశం గోలలు, మనకెందుకండీ," అని ఎవరో గొణిగారు. "అది ఆస్ట్రేలియా అండీ," అని ఇంజనీరుగారు సరిచేశాడు. ఆయనకి వాస్తవాలు తప్పుగా ఉంటే పడదు.

పాలమూరావిడ చెయ్యెత్తింది. నేను ఆగాను.

"నేను చలికని చెప్పిన," అంది.

"అవునమ్మా."

"చలికి గాదు."

"కాదమ్మా. చలి కూడా ఉండేది."

ఆవిడ చీరకొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూసింది. నేను చివరిదాకా చెప్పాను. అన్నకొడుకులు రావడం, పత్రికలో పాలేరని వేయడం, వ్యాపారుల వెనక చివర నిలబెట్టడం, నెల రోజుల గడువు, అన్నీ చెప్పాను. అంతటితో పుస్తకం అయిపోతుంది. రచయిత అంతకు మించి ఎవరినీ ఏమీ అనలేదు.

ఆవిడ మళ్ళీ చెయ్యెత్తింది.

"ఇండ్ల వంట ఎవలు జేస్తుండె?"

"పొట్టాయన."

"నలభై ఏండ్లా?"

"నలభై ఏళ్ళు."

"పెద్దాయనకు పానం బాగలేనప్పుడు ఎవలు జూసిన్రు?"

"ఆయనే. రెండేళ్ళు మంచంలో ఉంటే ఆయనే చూశాడు."

"నలభై ఏండ్లు వండి పెట్టినోణ్ణి, ఎత్తి దించినోణ్ణి, దీస్కపోయి గా ఆఖరుకు నిలవెట్టిన్రా?" గొంతు గది దాటి వినపడింది. "పాలేరు అన్నరా? ఛీ! మనుషులేనా సారూ ఆళ్ళు?"

పళ్ళెం పట్టుకున్న చేతులు నావి.

ఆవిడ లేచింది. వెనక్కి తిరిగింది. చివరి వరసలో కొడుకు అప్పటికే లేచి నిలబడ్డాడు, పక్కన ఆ కుర్రాడు కూడా. "అమ్మా," అన్నాడు కొడుకు. తర్వాత ఏదో అనబోయాడు, రాలేదు. రెండేళ్ళుగా అతను మాట్లాడగా విన్నాను, అంత తెలుగు వచ్చినవాడికి ఒక్క ముక్క రాలేదు. ఆవిడ కొడుకుని చూసింది. పక్కనున్న కుర్రాణ్ణి చూసింది. మళ్ళీ కొడుకుని చూసింది. ఆ చూపు ఎంతసేపు సాగిందో చెప్పలేను, మిగతావాళ్ళంతా కుర్చీలు మడిచి, చెప్పులు వెతుక్కుని, బయటికి నడిచేంతసేపు సాగింది. మొహంలో కోపమో దుఃఖమో నాకు తెలియలేదు. ఆవిడ వాళ్ళిద్దరి మధ్యలోంచి నడిచి బయటికి వెళ్ళింది.

నేను శనివారం కథ అని గుమ్మం ముందు పెట్టిన బోర్డు లోపలికి తేవడానికి వెళ్ళాను. నిజం చెప్పాలంటే బోర్డు ఇంకో పది నిమిషాలు అక్కడ ఉన్నా నష్టం లేదు. ఆ కుర్రాడు ఎప్పటిలాగే పరుగున వెళ్ళి ఆవిడ కోసం కారు ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆవిడ ఎక్కలేదు.

"నువ్వు కూసో," అంది.

"ఆంటీ?"

"నేను ఎనక కూసుంట. నువ్వు ముందట కూసో కొడుకా."

అతను కదల్లేదు. ఆవిడ తనే వెనక తలుపు తీసుకుని, ఆ పెద్ద బూట్లతో జాగ్రత్తగా ఎక్కి, తలుపు వేసుకుంది. కొడుకు స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఆ కుర్రాడు కూడా చివరికి ఎక్కాడు. కారు మాత్రం కదల్లేదు.

అయిదున్నరకి పార్కింగ్ గేటుకి గొలుసు వేయడం నా పని. అప్పటిదాకా నేను ఒక్క నిమిషం అటూ ఇటూ చేయలేదు. అద్దాల్లోంచి మూడు తలలు కనపడుతున్నాయి, మాట్లాడుకుంటున్నారో లేదో తెలియడం లేదు. ఒకసారి కొడుకు తల స్టీరింగ్ మీదికి వంగింది, వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి అతని భుజం మీద పడింది. కొట్టిందో, నిమిరిందో, అంత దూరం నుంచి నేను చూడలేకపోయాను.

మేనేజరు తాళాల గుత్తితో బయటికి వచ్చి నా పక్కన నిలబడింది. కారుని చూసింది, నా చేతిలో గొలుసుని చూసింది.

"టైమయింది," అంది.

"అయింది," అన్నాను. గొలుసు మాత్రం వేయలేదు.